సాగనంపు బండి

పొద్దు బారెడెక్కే వేళకు మందారగిరి యువరాజు జితకేతుడు చందనపురి సింహద్వారం ముందు గుర్రాన్ని నిలిపాడు. నిలిపాడే గానీ లోపలికి అడుగు వెయ్యడానికి అతనికి మనసొప్పలేదు.

ఎలాంటి నగరం అది! ఒకప్పుడు గాలి ఎటు వీస్తే అటు గంధపు వాసన పోయేది. ఏడంతస్తుల మేడలు, మేడమేడకూ పగడాల తోరణాలు, వీధివీధికీ చలువరాతి జలయంత్రాలు! సందెవేళ నగారా మోగితే పావురాలు ఒక్కపెట్టున లేచి ఆకాశాన్ని కప్పేసేవి. ఇప్పుడు జలయంత్రాల నిండా నాచు. తోరణాల మీద కాకులు. తెరిచిన తలుపు తెరిచినట్టే ఉంది, ఆరిన పొయ్యి ఆరినట్టే ఉంది. కోట బురుజు మీద రాజుగారి గరుడధ్వజం ఉండవలసిన చోట ఒక నల్లజెండా ఎగురుతోంది. అదెవరిదని అడుగుదామంటే వీధిలో మనిషన్నవాడు లేడు.

"బిళ్ళమారి మనకన్నా ముందొచ్చి పోయింది దొరా," అన్నాడు వెనకనుంచి బసివన్న. మందారగిరి పట్టపుటేనుగుకు మావటి అతను. పుట్టి బుద్ధెరిగి ఏనుగు మెడ మీద తప్ప మరోచోట కూర్చోనివాడు, ఈ ప్రయాణంలో గుర్రమెక్కి నడుము విరగ్గొట్టుకున్నాడు. మొలలో దోపుకున్న అంకుశం మాత్రం వదల్లేదు.

"దొరా గిరా అనకు మామా. ఈ వేషంలో మనం ఉప్పమ్ముకునేవాళ్ళం. జబ్బు సోకిన మందారగిరి వాళ్ళమని తెలిస్తే రాళ్ళతో కొడతారు."

"కొట్టడానికి ఒక్కడైనా మిగిలితే గదా అల్లుడూ!"

నవ్వు రావలసిన మాటే గాని ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు. చంకలోనో గజ్జల్లోనో రేగుపండంత బిళ్ళ లేచి, ఒళ్ళు కాలిపోయి, నిన్న తిరిగిన మనిషిని నేడు పాడె ఎక్కించే జబ్బు అది. జితకేతుడి తండ్రినీ అదే ఎత్తుకుపోయింది. ప్రాణం పోయే ముందు ఆ మహారాజు కొడుకును మంచం దగ్గరికి రానివ్వలేదు. గుమ్మంలోనే నిలబెట్టి ఒక్క మాట అన్నాడు. "వెన్నెలదుర్గం పో నాయనా. నీ చెల్లెలు పచ్చి బాలింత. మొగుడు సైన్యంతో ఎక్కడో ఉన్నాడు. ఈ మహమ్మారి దాని గడప తొక్కకముందే నువ్వు తొక్కు." చెల్లెలి పేరు కువలయవల్లి. అన్నకు మాత్రం చిట్టిగువ్వ.

అందుకని ఆగకుండా పోవాలనే ఉంది జితకేతుడికి. కానీ గంధాల అంగడి మలుపులో ఒక పెద్దమనిషి అడ్డం వచ్చి రెండు చేతులూ జోడించాడు. అతని వెనక వీధరుగు మీద, ఊడదీసిన తలుపు చెక్క మీద, ఒక ముసలమ్మ శవం ఉంది. మొహానికి ఎవరో పసుపు రాశారు.

"మా అమ్మ. రాత్రి పోయింది," అన్నాడు ఆ మనిషి. "నన్ను వామనసెట్టి అంటారు. ఈ అంగడంతా నాదే. పాడె మొయ్యడానికి నలుగురు కావాలి బాబూ. ఈ ఊళ్ళో నలుగురు లేరు."

జితకేతుడు గుర్రం దిగాడు. బసివన్న రెక్క పట్టుకుని ఆపాడు. "కొరివితో తల గోక్కుంటావా అల్లుడూ? చెల్లెలి కోసం పోతున్నాం, ఇక్కడ శవాన్ని తాకి..."

"ఎవరో ఒకరు తాకబట్టే గదా మామా, మా నాన్న కట్టె కాలింది."

బసివన్న తిట్టుకుంటూనే పైపంచె నడుముకు బిగించాడు. ముందు కొడుకు, వెనక వీళ్ళిద్దరూ. నాలుగో భుజం లేని ఆ చెక్క దారి పొడుగునా ఒక పక్కకు ఒరుగుతూనే ఉంది. ముసలమ్మ చెయ్యి జారి జితకేతుడి భుజానికి తగిలింది. అతను దాన్ని మెల్లగా తీసి చెక్క మీద పెట్టాడు.

చితి అంటుకున్నాక వామనసెట్టి ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషి అతను. ఊరికే చెప్పుకుపోయాడు.

"మా అన్న ఇంటికి పోతే అన్న తలుపు తియ్యలేదు. కిటికీలోంచి కొబ్బరికాయ విసిరి, 'నా దినం కూడా కలిపి పెట్టెయ్యరా' అన్నాడు. కన్నకూతురు తల్లికి నీళ్ళు పొయ్యలేదు. బావిలో మందు కలిపాడని ఎవడో పరదేశిని చితక్కొట్టి చంపారు. కొట్టినవాళ్ళూ పోయారు, బావి నీళ్ళు తాగనివాళ్ళూ పోయారు. తాయెత్తులమ్మేవాడు తన తాయెత్తులన్నీ మెళ్ళో వేసుకునే చచ్చాడు బాబూ! ఏం చెప్పమంటారు?"

"మొదట ఎవరింట్లో వచ్చింది?"

"మా ఇంట్లోనే. రాత చూడండి! సాగనంపు బండి వచ్చినప్పుడు అమ్మవారి చీర మా కోడలికే దక్కిందని ఊరంతా కళ్ళలో నిప్పులు పోసుకుంది. మరి నాలుగు పొద్దులన్నా పొడవలేదు, కోడలూ బిడ్డా ఒకేసారి..."

సాగనంపు బండి అంటే ఆ దేశాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఊళ్ళో మహమ్మారి పుడితే అమ్మవారు కోపంతో దిగిందని అర్థం. ఆమెను చల్లబరచి సాగనంపాలి. కొత్త బండికి వేపమండలు కట్టి, ఇంటింటి నుంచీ కుంచెడు వడ్లూ, పోయినవాళ్ళ బట్టలూ అందులో వేసి, పైన అమ్మకు పెట్టిన పసుపుచీర పరిచి, డప్పులతో పొలిమేర దాటిస్తారు. అవతలి ఊరు ఎదురొచ్చి హారతిస్తుంది. వీధివీధీ తిప్పి, తన వంతు వడ్లూ బట్టలూ చేర్చి, తన పొలిమేర దాటిస్తుంది. ఆ పసుపుచీరను ఊళ్ళోని పచ్చి బాలింత ఒక పూట ఒంటికి చుట్టుకుని, మొక్కి, తిరిగి బండిలో పెట్టాలి. బిడ్డకు ఆయుష్షని నమ్మకం. ఎన్ని కోటల తలుపులు మూసినా ఆ బండికి తెరవాల్సిందే. దాన్ని ఆపినవాడికి వంశం నిలవదని సామెత.

"ఇప్పుడు బండి ఎక్కడుంది?" అన్నాడు జితకేతుడు.

"ఎర్రపాగా పూజారి తోలుకుపోతున్నాడు, కనుమదారిన వెన్నెలదుర్గానికి. మహానుభావుడు! మెళ్ళో నల్లవేరొకటి కట్టుకుని శవాల మధ్యే తిరిగాడు, ఈగ వాలలేదు ఆయన మీద."

ఆ మాట వినగానే జితకేతుడు చేతులెత్తి ఆ దిక్కుగా మొక్కాడు. "విన్నావా మామా? మనకన్నా ముందు అమ్మే పోతోంది చిట్టిగువ్వ దగ్గరికి. ఇంక భయం లేదు!"

బసివన్న కూడా లెంపలేసుకుని మొక్కాడు. అంతటి తెలివైనవాళ్ళు, అంతటి నిజం చెవిన పడ్డాక కూడా, మొక్కారంటే మరి నమ్మకం అలాంటిది.

కనుమదారి చుట్టు. అడవిలోంచి అడ్డదారి పడితే బండి కన్నా ముందే కోట చేరవచ్చు. గుర్రాలు తుప్పలు చీల్చుకుంటూ పోయాయి. ఒకచోట ఎలుగుబంటి తరిమింది. మరోచోట ఊబిలో బసివన్న గుర్రం మోకాళ్ళ దాకా దిగబడితే, అంకుశం చెట్టుకొమ్మకు తగిలించి, ఏనుగును బుజ్జగించినట్టు బుజ్జగించి పైకి లాగాడు. మధ్యాహ్నానికి పెద్దవాగు అడ్డొచ్చింది. వంతెన వరదకు కొట్టుకుపోయి మొండి స్తంభాలు మిగిలాయి. గుర్రాలను ఈదించి, గుడ్డలు పిండుకుని గట్టెక్కితే చిన్న పల్లె కనబడింది.

పల్లెలో పిల్లలు ఆడుకుంటున్నారు! ఆవులు నెమరేస్తున్నాయి. ఎక్కడో రోకలి పోటు వినిపిస్తోంది. ఆ చప్పుడుకు జితకేతుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎండకేమో తల కూడా పగిలిపోతోంది.

ఒక ముసలమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి పైనుంచి పోసింది. అతను దోసిలి పట్టి తాగాడు. ఎంత తాగినా దాహం తీరలేదు.

"అవ్వా, మీ ఊళ్ళో ఎవరికైనా బిళ్ళ తేలిందా?"

"తేలలేదు నాయనా. తేలేది ముందుంది," అని ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "అమ్మ మా మొహం చూడలేదయ్యా! బండి అవతలి గట్టు దాకా వచ్చింది. హారతి పళ్ళెం పట్టుకుని ఊరంతా ఈ గట్టున నిలబడ్డాం. వంతెన లేదాయె. ఆ ఎర్రపాగా పూజారి మమ్మల్ని తిట్టి బండి తిప్పుకుపోయాడు. అటుపక్క ఊళ్ళన్నీ అమ్మను తిప్పుకున్నాయి, పుణ్యం కట్టుకున్నాయి."

"అటుపక్క ఊళ్ళు... ఎలా ఉన్నాయవ్వా?"

"ఎక్కడున్నాయి నాయనా? ఒక్క పొయ్యి రాజడం లేదు."

దోసిలి అలాగే ఉంది, మజ్జిగ వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది. జితకేతుడు అవతలి గట్టును చూశాడు. బండి వెళ్ళిన ఊళ్ళు పోయాయి. బండి రాలేదని ఏడుస్తున్న ఊరు పచ్చగా ఉంది. సెట్టి కోడలు చీర కట్టింది, ముందు ఆమే పోయింది.

"మామా," అన్నాడు. "జబ్బు బండికి ముందు లేదు. బండి వెనకే ఉంది. పోయినవాళ్ళ బట్టలు, వాళ్ళ గాదెల్లో వడ్లు... మనమే దాన్ని హారతిచ్చి ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం!"

బసివన్న కోట దిక్కుకు తిరిగాడు. "అయితే దొరా... వెన్నెలదుర్గంలో పచ్చి బాలింత ఎవరు?"

జవాబు చెప్పడానికి జితకేతుడు అక్కడ లేడు. గుర్రం అప్పటికే పరుగందుకుంది.

పొద్దు పడమటికి వాలుతుండగా కనుమ కొసన బండి కనబడింది. కింద లోయలో వెన్నెలదుర్గం. పాలరాతి బురుజులు, చుట్టూ మొసళ్ళ అగడ్త, అగడ్త మీద కొయ్య వంతెన. పరదేశులు రాకూడదని నెలనుంచీ ఎత్తి ఉంచిన ఆ వంతెన ఇప్పుడు దించి ఉంది! దాని అవతలి కొసన ముత్తైదువలు హారతి పళ్ళేలతో నిలబడ్డారు. డప్పులు మోగుతున్నాయి.

బండికి కట్టినవి రెండు దున్నపోతులు. వాటి కళ్ళు నిప్పుకణికలు. ముందు కొమ్ము ఊదుతూ నడుస్తున్నాడు ఎర్రపాగా పూజారి.

"ఆగు!" అని జితకేతుడు కత్తి దూశాడు.

పూజారి తిరిగి నవ్వాడు. నవ్వుతూనే పాగా విప్పాడు. జడలు కట్టిన జుట్టు నడుము దాకా దిగింది. వాడి బొమ్మ చూసినవాడెవడైనా పోల్చుకుంటాడు. రాజ్యభ్రష్టుడై, నల్లగుట్టలో దూరి, క్షుద్రవిద్యలు పట్టిన కరాళకంఠుడు!

"ఉప్పువర్తకుడా, నీ కత్తి పిడి మీద రత్నాలెక్కువైనాయి," అన్నాడు మాంత్రికుడు. "మందారగిరి కుర్రాడివి కదూ? చందనపురిలో నా జెండా చూశావా? ఒక్క బాణం వెయ్యలేదు నేను. ఒక్క మంత్రం కూడా చదవలేదు. గోతాల్లో నాలుగు ఎలుకల్ని వేశాను, అంతే. ఊరూరా బండిని లాక్కుపోయింది వాళ్ళే. వెన్నెలదుర్గం కూడా నాకు హారతిచ్చి తలుపు తీస్తోంది, చూడు!"

జితకేతుడు దూకాడు. మాంత్రికుడు పిడికెడు బూడిద గాల్లోకి విసిరితే అది కందిరీగల తుట్టె అయి కమ్ముకుంది. మొహమంతా కుడుతున్నా కళ్ళు మూసుకుని కత్తి తిప్పాడు. కత్తికి ఏదో తగిలింది. కెవ్వున కేక! కళ్ళు తెరిచేసరికి మనిషి లేడు. ఒక రెక్క నెత్తురోడుతున్న రాబందు మెళ్ళో నల్లవేరుతో పైకి లేస్తోంది.

"దొరా, బండి!" అని అరిచాడు బసివన్న.

తోలేవాడు లేక దున్నపోతులు బెదిరాయి. బండి పల్లం దారిని వంతెన వైపు దొర్లుకుపోతోంది. కోటవాళ్ళకు పైన జరిగిందేమీ తెలియదు. అమ్మ పరుగున వస్తోందని డప్పులు మరింత జోరుగా కొట్టారు.

జితకేతుడు గుర్రం మీదనుంచి బండిలోకి దూకాడు. పసుపుచీర కింద ఏదో మెదిలింది. లాగి చూస్తే వడ్ల గోతాల నిండా ఎలుకలు! కొన్ని చచ్చి ఉన్నాయి, కొన్ని తాగినట్టు తూలుతున్నాయి. బండి నొగకు ధూపం కుండ వేలాడుతోంది. అతను దాన్ని తెంచి చీర మీద బోర్లించాడు. ఎండిన వేపమండలు భగ్గుమన్నాయి. పక్కనే గుర్రం మీద వచ్చిన బసివన్న కాడి పగ్గానికి అంకుశం తగిలించి ఒక్క గుంజు గుంజాడు. దున్నలు విడిపోయి అడవిలో పడ్డాయి. మండుతున్న బండి వంతెన ఇవతలి కొసన వచ్చి ఆగింది. జితకేతుడు మీసాలు కాలి, పొగలోంచి కింద పడ్డాడు.

డప్పులు ఆగిపోయాయి. అవతల ఒక్కసారిగా గగ్గోలు లేచింది.

"అమ్మవారి బండి తగలెట్టాడురో!"

"మన వంశాలు నాశనం! కొట్టండి వాణ్ణి!"

బురుజుల మీద విలుకాళ్ళు వరుసకట్టారు. జితకేతుడు లేచి, కుడిచెయ్యి ఎత్తి, గొంతు చించుకుని అరిచాడు. "చిట్టిగువ్వా!"

జనం మధ్యలోంచి ఒక ఆడమనిషి ముందుకు తోసుకొచ్చింది. తలకు గుడ్డ కట్టిన బాలింత. "బాణాలు దించండి! ఆయన మా అన్నయ్య!" అని కేకేసి, కట్టుబాటూ కావలీ అన్నీ వదిలేసి వంతెన మీద పరుగందుకుంది. నెలనుంచీ ఎవరు ఏడ్చినా తలుపు తియ్యని రాణి ఆమె. అన్న పిలిస్తే మాత్రం ఆగలేకపోయింది.

ఎత్తిన చెయ్యి దించబోయి జితకేతుడు ఆగిపోయాడు. చంకలో ఎవరో శూలం దింపినట్టు పోటు. వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. రేగుపండంత బిళ్ళ.

ఎండకు నొచ్చిన తల కాదది. మజ్జిగకు తీరని దాహం కాదది. బండి కాలిపోతోంది గానీ, ఇప్పుడు తానే ఒక బండి!

"రావద్దు చెల్లీ! ఆగు!"

ఆమెకు వినపడలేదు. విన్నా ఆగేది కాదు. చేతులు చాచి, నవ్వుతూ ఏడుస్తూ వచ్చేస్తోంది.

"మామా, పట్టు! బండిని వంతెన మీదికి తొయ్యి!"

"దొరా, నీ చెల్లెలు..."

"తొయ్యమన్నానా!"

మండే చక్రాలకు ఇద్దరూ భుజాలు పెట్టారు. బండి కదిలింది, వంతెన నడిమికి దొర్లి, దబ్బున ఒరిగింది. నూనె పట్టిన పాత కొయ్య గుప్పున అంటుకుంది. అన్నాచెల్లెళ్ళ మధ్య మనిషెత్తు మంట లేచింది. కువలయవల్లి మొహానికి చేతులడ్డం పెట్టుకుని వెనక్కి తూలింది.

"ఎందుకన్నయ్యా? నేనేం చేశాను? నాన్న పంపలేదా నిన్ను?"

జితకేతుడు అంగీ చింపి, చెయ్యి ఎత్తి, చంక చూపించాడు.

ఆమె చూసింది. అలాగే కింద కూలబడింది. వంతెన మధ్యకు విరిగి, బండీ ఎలుకలూ చీరా అన్నీ బుసబుసమంటూ అగడ్తలో కలిసిపోయాయి. వెనక జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఇంత పాపం చేసినవాడి చెల్లెలు మనకు రాణి ఏమిటని ఎవడో అప్పుడే అంటున్నాడు. ఆమె లేచింది. దాసి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, కొసకంటా వచ్చి, రెండు చేతులతో ఎత్తి పట్టింది.

"మగబిడ్డ అన్నయ్యా! నీ పేరే పెట్టుకున్నాను. విన్నావా? నువ్వు నడిచొచ్చేదాకా ఈ అగడ్త మీద వంతెన వెయ్యనివ్వను. ఏ అమ్మ బండికీ వెయ్యనివ్వను. వీళ్ళందరూ నన్ను చంపినా సరే!"

జితకేతుడు మేనల్లుణ్ణి కళ్ళారా చూశాడు. మనసు నిండిపోయి, వెంటనే విరిగిపోయింది. ఆకాశంలో రాబందు ఒక రెక్క ఈడ్చుకుంటూ నల్లగుట్ట వైపు పోతోంది. దాని మెళ్ళో ఆ వేరు ఊగుతోంది. శవాల మధ్య తిరిగినా వాడి మీద ఈగ వాలనివ్వని వేరు.

"ఆ వేరు కావాలి మామా," అన్నాడు. గుర్రం జీను పట్టుకున్నాడు గానీ ఒంట్లో సత్తువ లేదు. కాలు జారింది. బసివన్న దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "దూరం. నువ్వు వెనక్కి పో. ఇది నా ఆజ్ఞ."

"పాడె మోసినప్పుడు లేని దూరం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?" అని బసివన్న కసురుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. ఏనుగు వంగినట్టు గుర్రం పక్కన వంగి, తన మోకాలు మెట్టుగా పెట్టాడు. "సెట్టి చెప్పింది విన్నావు గదా దొరా. మొయ్యడానికి నలుగురు కావాలి. ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. అందుకని నువ్వు చావడానికి వీల్లేదు. ఎక్కు!"